అతుకు

బైరాగిపట్టెడ సందులో, మేడమీద గదిలో
పుంగనూరు ఆవును చేస్తున్నాను నేను,
మట్టితో కాదు, మౌసుతో.
పశువైద్యం చదివే పిల్లలు
తెర మీదే తోలు వలిచి
కండ తర్వాత కండ విప్పి చూసుకోవాలట.
మూడడుగులు దాటని ఆవు
మూడు నెలలు తినింది నన్ను.

మొదటిసారి చూపించిన రోజు
కాలేజీలో పెద్దలంతా బాగుందన్నారు.
టీ గ్లాసులు ఎత్తడానికొచ్చిన చెంగల్రాయుడు
ఎత్తకుండా నిలబడిపోయాడు.
ముప్పై ఏళ్లుగా ఎముకల గదిలో
చచ్చిన గొడ్లను ఉడకబెట్టి, కడిగి, ఎండేసి
తీగతో గుచ్చి మళ్లీ నిలబెట్టే మనిషి.
"పాపా, దీని మోకాలు యాడ పెట్టినావు?"
వెనక కాలు వంగే చోట వేలు పెట్టాను.
"అది మడమ గదమ్మా.
గొడ్డు పుట్టినకాడ్నించి మునివేళ్ల మీదే నడుస్తాది.
మోకాలు ఇంకా పైన,
డొక్క పక్కన దాక్కోనుంటాది."

ఆ రాత్రి తలుపేసుకుని
మునివేళ్ల మీద నడిచి చూశాను.
పది అడుగులకే పిక్కలు పట్టేశాయి.
మేతకు పోవడం, చూలుతో తిరగడం,
వానలో పరిగెత్తి కొట్టం చేరడం,
అంతా ఇట్లనేనా!

మళ్లీ మొదటి నుంచి కట్టాను.
పక్కటెముకలు పదమూడు జతలు.
పై దవడకు ముందు పళ్లుండవు, పీకేశాను.
రెక్కటెముకకు ఒంటి ఎముకతో అతుకే లేదట,
రెండు రెక్కల నడుమ కండల జోలెలో
రొమ్ము బరువంతా ఊగుతుంటుందట.
ఇన్నాళ్లూ ఆవు నడుస్తుందనుకున్నాను,
అది సగం ఉయ్యాల.

కొత్తగా తెలిసినవాళ్లకు ఒక దురద ఉంటుంది.
ఆదివారం మాధవమాల పోయి
నాయన చెక్కిన ఎద్దును చేతిలో తిప్పుతూ
తప్పులు ఎంచాను.
కొమ్ము మొదలు, డెక్క చీలిక,
"ఈ ఎడమ వెనక మడమ చూడు నాయనా,
లోపలికి తిరిగి, బుడిపె కట్టి...
కుడిది బాగానే చెక్కినావు కదా."
ఆయన ఉలి దించలేదు.
"మా నాయన పెట్టిన కొలత అది.
ఆ బుడిపె పెట్టందే
నా చెయ్యి ఎద్దును వదల్దు.
కాళాస్తి అంగట్లో ఇంతవరకు ఒక్కడూ అడగలే."
చెక్కపొట్టు నా చెప్పుల మీద రాలింది.

నవ్వుకుందామని చెంగల్రాయుడికి ఫోటో చూపించాను.
నవ్వలేదు.
ఫోను దగ్గరికి తెచ్చుకుని, దూరం పెట్టి,
రెండు వేళ్లతో ఆ బుడిపెను పెద్దది చేసి,
"ఇది తప్పు కాదు పాపా.
ఇరిగి, కట్టు కడితే వంకరగా అతుక్కున్న కాలు.
ఇట్లాటియి రెండు మా బీరువాలో ఉండాయి.
చూడు, ఆ పక్క ఆనలేక
కుడి పిర్ర ఎట్ల బలిసిందో.
అయినా శానా ఏళ్లు బతికింది,
బుడిపె నున్నగా అరిగుండాది.
ఎవురిదమ్మా ఈ ఎద్దు?"

ఎవరిదో.
తాత పోయి నలభై ఏళ్లు.
అప్పటికి నాయనకు పద్నాలుగు.
ఫోను చేసి అడిగాను.
చాలాసేపు ఉలి చప్పుడే వినిపించింది,
తర్వాత అదీ లేదు.
"మొద్దులు తోలే బండి ఒకటుండె" అన్నాడు.
"స్వర్ణముఖి ఇసకలో దిగబడిందని
మా అమ్మ ఎప్పుడో అనింది.
ఎద్దు నాకు గుర్తులేదు."
నలభై ఏళ్లుగా రోజూ
దాని కాలు చెక్కుతున్న మనిషి.

ఇప్పుడు నా ఆవు సరిగ్గా ఉంది.
చెంగల్రాయుడు తలూపాడు, బిల్లు కూడా వచ్చింది.
దానికి ఎక్కడా ఏమీ విరగలేదు.

రాత్రి పని అయినాక
ఎవరూ అడగని ఇంకో ఫైలు తెరుస్తాను.
ఎడమ వెనక మడమను రవ్వంత లోపలికి తిప్పి,
కుడి పిర్ర కొంచెం పెంచి,
ఎక్కువైందేమోనని తగ్గించి,
సేవ్ చేయబోతే
పేరు అడుగుతుంది.

నాయనకు ఇంకా గుర్తు రాలేదు.